తలతాడులో మూడో పాయ

కంకణగిరి రాజ్యానికి ఉత్తరపు అంచున ఉన్న సాహిణిపల్లెలో మిట్టమధ్యాహ్నం ఎవరూ మాట్లాడరు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దంపుళ్లు ఆగిపోతాయి, కమ్మరి కొలిమి ఊదడం మానేస్తాడు, తల్లులు పిల్లల్ని ఒళ్లోకి లాక్కుని చెవుల్లో దూది కుక్కుతారు. ఆ వేళకు ఊరి వెనకనున్న బూడిద లోయలోంచి, తప్పిపోయినవాళ్ల గొంతులు ఊళ్లోవాళ్లను పేరుపేరునా పిలుస్తాయి. ఒక్కసారి "ఓ" అని బదులు పలికారా, ఇక కాళ్లు తమ మాట వినవు. లోయలోకి నడుచుకుంటూ పోవలసిందే.

మొదటిసారి చూసినవాళ్లకు ఆ లోయ అందంగానే కనబడుతుంది. ఏనాడో కాలి చల్లారిన ఏడు నల్లకొండల నడుమ తెల్లని పొగ, పొంగబోయే పాలకుండలా అంచుల దాకా నిండి ఉంటుంది. పొద్దుటెండ పడితే దాని మీద ముత్యపుచిప్పల తళుకు పరుచుకుంటుంది. దగ్గరికి పోతేనే తెలుస్తుంది, అక్కడ గడ్డిపరక మొలవదు, పిట్ట ఎగరదు, గాలికి వాసన కూడా ఉండదు. ఆ పొగ నడుమ భస్మకంఠుడనే మాంత్రికుడు కాపురం. తన చేతికి చిక్కినవాళ్లను బూడిద బొమ్మలుగా నిలబెట్టి, వాళ్ల గొంతులు మాత్రం తాను దాచుకుంటాడు. ఎవరి గొంతు కావాలంటే ఆ గొంతుతో మాట్లాడతాడు.

ఊరంతా చెవులు మూసుకునే ఆ వేళ, గుర్రాల దొడ్లో చెంగల్వ ఒక్కతే చెవులు తెరుచుకుని కూర్చుంది.

"చెంగా... నా తల్లీ... గొంతెండిపోతాందమ్మా. ఒక్కసారి పలకవే" అంది లోయలోంచి ఆమె తండ్రి గొంతు.

చెంగల్వ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. ఏడాదిగా రోజూ ఇదే పిలుపు. అయినా ఆమె వినేది పిలుపును కాదు. దాని అడుగున, ఎక్కడో చాలా దూరాన, వినీ వినపడనట్టు మరో చప్పుడు ఉంది. టక్. టక్. నాలుకను అంగిలికి కొట్టి చేసే చప్పుడు. గుర్రాలను మచ్చిక చేసే సాహిణి అయిన ఆమె తండ్రి బొల్లప్ప, పిల్లగుర్రాలను దగ్గరికి పిలిచే చప్పుడు. మొదట్లో అది ఆగకుండా వినిపించేది. రానురాను తగ్గిపోయింది. ఇవాళ చెంగల్వ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. మూడు సార్లే.

రెండు రోజులు తక్కువ ఏడాది కిందట పెద్ద రాకుమారుడు ఇంద్రసేనుడు, మాంత్రికుడి అంతు చూస్తానని పాలవెల్లి అనే తెల్లగుర్రం ఎక్కి లోయకు బయలుదేరాడు. నిండుచూలుతో ఉన్న గుర్రాన్ని తీసుకుపోవద్దని బొల్లప్ప కాళ్లావేళ్లా పడ్డాడు. రాకుమారుడు వినలేదు. "అయితే నా గుర్రాన్ని నేనే నడిపిస్తా" అని బొల్లప్ప పగ్గం పట్టుకుని ముందు నడిచాడు. సాయంత్రానికి పాలవెల్లి ఒక్కతే తిరిగొచ్చింది. దొడ్లోకి వచ్చి పడిపోయి, ఒక పిల్లను ఈని, దాన్ని సగం నాకి, కళ్లు మూసింది.

లోయ గుట్టు పది రోజుల కిందటే, కొండ మీది యోగి చెబితే తెలిసింది. చిక్కిన మనిషి ఏడాది నిండిన నాటి పొద్దుగూకేదాకా పూర్తిగా బూడిద కాడు. మాంత్రికుడు తానై రానిచ్చినవాళ్లకు తప్ప, లోయ ద్వారం ఒకసారి దాన్ని దాటి ప్రాణంతో తిరిగొచ్చిన జీవానికే మళ్లీ తెరుచుకుంటుంది. ఆ జీవం తనంతట తాను నడిచి రావాలి, ఈడ్చుకొస్తే తెరుచుకోదు. అది తనంతట తాను వచ్చి తాకితే మనిషి మీది బూడిద రాలిపోతుంది. ఇక ఇనుము ముక్క ఒంటిమీద ఉన్నవాడు గడప మీదే రాయైపోతాడు.

అలా తిరిగొచ్చిన జీవం ఈ లోకంలో ఒక్కటే ఉంది. తల్లి కడుపులో ఉండి దాటి, తల్లి కడుపులోనే తిరిగొచ్చిన ఆ పిల్ల. ఎల్లుండితో ఏడాది నిండుతుంది.

ఆ పిల్ల ఇప్పుడు దొడ్డి అవతలి మూల నిలబడి ఉంది. పొగరంగు ఒళ్లు, తెల్లటి మూతి, మోకాళ్ల దాకా నల్లని కాళ్లు. తల్లి పోయాక కొండమందలోని మరో గుర్రం దాన్ని చేరదీసింది. ఏడాదంతా కొండల్లో పెరిగింది కాబట్టి మనిషి చెయ్యి ఎరగదు. దానికి ఇంకా పేరు లేదు. తలతాడు కట్టించుకుని, మనిషి వెంట నూరడుగులు నడిచిన పిల్లకే సాహిణులు పేరు పెడతారు. ఆ పేరు కూడా నడిపించినవాళ్లు దాని చెవిలోనే చెబుతారు. చెంగల్వ వారం రోజులుగా దాని దొడ్లో ఊరికే కూర్చుంటోంది.

గొంతులు ఆగాయి. ఊళ్లో రోకళ్లు మళ్లీ మొదలయ్యాయి. దడి అవతల చెవుల్లోంచి దూది పీక్కుంటూ ముసలి ఎర్రప్ప వచ్చాడు. బొల్లప్పతో నలభై ఏళ్లు గుర్రాలు కాచినవాడు. ఒక కన్ను పోయింది, నోరు మాత్రం పోలేదు.

"ఏమ్మే చెంగా! వారం దినాలాయ. నువ్వు కూసుంటావు, అది నిలబడతాది. పెండ్లిచూపులు గూడా ఇంతసేపు సాగవు గదే."

"నిన్న దాని చెవులు రెండూ వెనక్కి పడుకుని ఉండె తాతా. ఇయ్యాల ఒకటి నా పక్క తిరిగింది."

"రెండోది తిరిగేసరికి మీ నాయన బూడిదైపోతాడు."

ఎర్రప్ప వెనక గడ్డిమోపు దించుతున్న యువకుడు ఉలిక్కిపడ్డాడు. మోకాళ్ల దాకా చిరుగు పంచె, నడుముకు కొడవలి, మొహం నిండా దుమ్ము. అతను ఇంద్రసేనుడి తమ్ముడు కీర్తిసేనుడు. లోయ చుట్టూ ఎగిరే బూడిద కాకులు రాజు నగలు, రాజు గుర్రం ఎక్కడ కనబడినా మాంత్రికుడికి చేరవేస్తాయి. అందుకని నెల రోజులుగా గడ్డి కోసేవాడి వేషంలో ఉన్నాడు. అతన్ని నోటికొచ్చినట్టు పిలవగలిగే అవకాశం దొరికినందుకు ఎర్రప్పకు లోలోపల మహా సంతోషం.

"ఇక ఆగలేను" అన్నాడు కీర్తిసేనుడు. "యుద్ధపుగుర్రాలను లొంగదీసినవాణ్ని. ఏడాది పిల్ల ఎంత?"

చెంగల్వ లేచేలోపే అతను తాడు ఉరి వేసి విసిరాడు. ఉరి పిల్ల మెడలో పడింది. అతను ఎదురుగా నిలబడి, రెండు మడమలూ నేలలో తన్ని లాగాడు. పిల్ల వెనక్కి లాగింది. కళ్ల తెల్లగుడ్లు కనబడ్డాయి. ఒక్కసారి ముందుకు దూకి, గిర్రున తిరిగి, వెనకకాళ్లు విదిలించింది. రాకుమారుడు గడ్డిమోపు మీదుగా ఎగిరి కుడితి తొట్లో పడ్డాడు.

"ఒరే గడ్డోడా!" అన్నాడు ఎర్రప్ప ఆప్యాయంగా. "తొట్టి లోతు సాలిందా?"

చెంగల్వ నవ్వలేదు. వారం రోజుల పని ఒక్క లాగుతో పోయింది. పిల్ల ఒళ్లు, ఈగ వాలిన నీటిలా మెడ నుంచి తోక దాకా వణుకుతోంది.

"మనం లాగితే అదీ లాగుతాది రాకుమారా" అంది గొంతు తగ్గించి. "దానికి నాలుగు కాళ్లు, మనకు రెండే. ఎదురుగా నిలబడి లాగేవాణ్ని అది పులి అనుకుంటాది. మా నాయన ఎన్నడూ గుర్రానికి ఎదురు నిలబడలా. ఎడమ భుజం పక్కన నిలబడి, పక్కకు అడుగుతాడు. అది ఒక్క అడుగు ఇస్తే చాలు, ఆ క్షణమే తాడు వదులు చేస్తాడు. వదులు చేసేదే దానికి బహుమానం."

కీర్తిసేనుడు గడ్డం మీది కుడితి తుడుచుకుని తలవంచాడు. "నా తప్పే. చెప్పు, ఏం చెయ్యమంటావు?"

"బయటికి పోయి దడి మూసేయండి."

ఆమె మళ్లీ నేల మీద కూర్చుంది. ఈసారి పిల్లకు వీపు తిప్పి కూర్చుంది. ఒళ్లో నానబెట్టిన ఉలవలు పెట్టుకుంది. ఎండ జరిగింది. నీడ పొడుగైంది. చాలాసేపటికి ఇసుకలో ఒక గిట్ట చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం. మరొకటి. మెడ మీద వెచ్చని ఊపిరి తగిలింది. ఆమె తిరగలేదు. తెల్లటి మూతి భుజం మీదుగా వంగి ఉలవలు తింది. ఆమె నెమ్మదిగా లేచి, దాని వైపు చూడకుండా నాలుగడుగులు వేసింది. వెనక నాలుగడుగులు వినబడ్డాయి. పొద్దు వాలేసరికి ఆమె చెయ్యి దాని మూపు మీద ఉంది. పిల్ల నోరు నాక్కుంటూ పళ్లు కదిలించింది. ఒప్పుకున్నానని గుర్రం చెప్పే మాట అదే.

ఆ సాయంత్రమే చెంగల్వ తలతాడు పేనింది.

తలతాడంటే కళ్లెం కాదు. నోట్లో ఇనుము ఉండదు. చెవుల వెనక నుంచి దిగి మూతి చుట్టూ తిరిగే ఉత్త తాడు అది. దాని గడ్డం కింద పగ్గం కట్టి నడిపిస్తారు. సాహిణుల ఇళ్లలో పిల్లగుర్రానికి మొదటి తలతాడు మూడు పాయలతో పేనుతారు. ఒక పాయ జనపనార, బలానికి. ఒక పాయ తల్లిగుర్రం తోకవెంట్రుకలు, భయం పోవడానికి. మూడో పాయ సాహిణి తలవెంట్రుకలు.

పాలవెల్లి తోకవెంట్రుకలను చెంగల్వ ఏడాదిగా గుడ్డలో చుట్టి దాచింది. మూడో పాయ దగ్గర మాత్రం చేతులు ఆగాయి. ఈ దొడ్డికి సాహిణి తండ్రే. తను ఆయన కూతురు, అంతే. తండ్రి దువ్వెన చూరులో అలాగే ఉంది. దానికి చిక్కుకున్న నెరిసిన వెంట్రుకలు, తలపాగా మడతల్లో ఉన్నవి, దిండు మీద ఏరుకున్నవి, అన్నీ ఆమె పోగు చేసి పెట్టుకుంది. వాటినే మూడో పాయగా పేనింది. తండ్రి చెయ్యి తన చేతితో కలిసి పేనుతున్నట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున పిల్ల ఆ తాడును వాసన చూసింది. సన్నగా సకిలించింది. తల్లిని చూసిన పిల్ల చేసే చప్పుడు అది. చెంగల్వ తాడును మెడ మీద రుద్దింది, చెవుల మీదుగా జార్చింది, మూతికి ఎక్కించింది. పిల్ల కదల్లేదు. ఎడమ భుజం పక్కన నిలబడి పగ్గాన్ని కాస్త పక్కకు అడిగింది. ఒక అడుగు. వదులు. మళ్లీ అడిగింది. రెండడుగులు. వదులు.

"మీ నాయన కూతురివే!" అన్నాడు ఎర్రప్ప, ఉన్న ఒక్క కన్ను తుడుచుకుంటూ.

నూరడుగులు లెక్కపెడుతూ దొడ్డి దాటి, మేతబీడు మీదికి నడిపించింది. ఎనభై... తొంభై... పిల్ల మరీ తేలిగ్గా నడుస్తోంది. అడగకముందే నడుస్తోంది. చెంగల్వకు చేతిలో పగ్గం బరువే తెలియలేదు. అప్పుడు చూసింది. పగ్గం ఆమె చేతిలో వదులుగా వేలాడుతోంది. అయినా తలతాడు మాత్రం ముందుకు బిగుసుకుని ఉంది. ముందు నుంచి ఎవరో పట్టుకున్నట్టు!

పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊళ్లో రోకళ్లు ఆగిపోయాయి.

లోయలోంచి ఈసారి గొంతులు రాలేదు. గిట్టల చప్పుడు వచ్చింది. మెల్లగా, చూలుగుర్రం నడిచినట్టు బరువుగా.

పిల్ల ఒక్కసారి కేక పెట్టి పరుగందుకుంది. చెంగల్వ పగ్గం వదల్లేదు. వదిలితే నాయన లేడు. పల్లేరుముళ్ల బీడు మీద ఈడ్చుకుపోయింది. వాగు దాటించింది. గులకరాళ్లు మోచేతుల్ని చీరేశాయి. వెనక కీర్తిసేనుడు పేరు పెట్టి కేకలేస్తూ పరిగెత్తుతున్నాడు, ఆ కేకలు పలచబడిపోయాయి. ముందు తెల్లని పొగ గోడలా లేచి నిలబడింది. దాని అంచున ఒక మోడు కనిపించింది. చెంగల్వ దొర్లి, పగ్గాన్ని దాని చుట్టూ ఒక మెలిక వేసింది. తాడు కిర్రుమంది. ముందుకాళ్లు రెండూ పొగలో పెట్టి పిల్ల ఆగిపోయింది.

ఆ పొగలో ఒక తెల్లని తల ఉంది. పాలవెల్లిలాగే పొడుగాటి తల, కళ్లున్న చోట రెండు గుంటలు. పిల్ల మూతికి మూరెడు దూరంలో నిలబడి, తాడును తన వైపు లాగుతోంది.

చెంగల్వ పగ్గం వెంట చేతులు మార్చుకుంటూ పాకింది. పిల్ల భుజం అందింది. చెవుల వెనకకు చెయ్యి పోనిచ్చి తలతాడును ఊడలాగింది.

తెల్లని తల పొగలో కలిసిపోయింది. పిల్ల రెప్పలు కొట్టింది. నిద్రలో నడిచి లేచినదానిలా చుట్టూ చూసి, వణికిపోతూ వచ్చి ఆమె చంక కింద తల దూర్చింది. తాడు లేకుండానే, ఆమె వెనకే ఇంటిదాకా నడిచింది.

ఎర్రప్ప తలతాడును ఎండలో పట్టుకుని పాయలు విడదీసి చూశాడు. మొహం మాడిపోయింది.

"ఈ నెరిసిన ఎంట్రుకలు ఎవరివే?"

"నాయనవి."

"ఎంత పని జేసినావే! మూడో పాయ ఎందుకనుకున్నావు? పిల్ల ఎవరి ఎనక నడవాలో చెప్పేది అదే. ఒక పాయ సచ్చిన గుర్రానిది, ఇంకో పాయ ఆ లోయలో ఉన్న మనిషిది. రెండు పాయలూ అటే పిలుస్తా ఉంటే పిల్ల అటు పోదా? ఇటు పిలిసేది ఏముంది దాంట్లో?"

"నేను సాహిణిని కాదు గదా తాతా."

"మరి పొద్దున్నించి దాన్ని నడిపించింది ఎవరు, నేనా? ఈ గడ్డోడా?"

మూడో రోజు తెల్లవారగానే చెంగల్వ దొడ్లో కూర్చుని తండ్రి వెంట్రుకల పాయను విప్పింది. ఒక్కొక్క వెంట్రుకా ఊడదీసి, చిన్న దారంగా మెలిపెట్టి ఎడమ మణికట్టుకు కట్టుకుంది. తర్వాత చెయ్యి చాచింది.

"రాకుమారా, మీ కొడవలి."

కీర్తిసేనుడు అందించాడు. మోకాళ్లు దాటే తన జడను ఆమె మెడ దగ్గర పట్టుకుని ఒక్క కోతతో కోసింది. చూస్తూ చూస్తూ ఎర్రప్ప మొహం తిప్పుకున్నాడు. ఆమె కొడవలి తిరిగిచ్చి, నల్లని పాయను తెల్లని పాయతో, నారతో కలిపి పేనడం మొదలుపెట్టింది. పిల్ల కొత్త తాడును వాసన చూసింది. ఈసారి సకిలించలేదు. ఆమె తల మీద మిగిలిన జుట్టును వాసన చూసి, మళ్లీ తాడును చూసి, తనే మూతి అందులో దూర్చింది.

మధ్యాహ్నపు పిలుపులు ఆగాక ఊరు దాటి నడిచారు. ఒక అడుగు అడగడం, ఒక అడుగు వదలడం. నూరో అడుగు దగ్గర చెంగల్వ ఆగి, పిల్ల చెవి దగ్గర పెదవులు పెట్టి పేరు చెప్పింది. "తోడు."

పిల్ల రెండు చెవులూ ఆమె వైపు తిరిగాయి.

లోయ ముఖద్వారం రెండు నల్లరాతి స్తంభాలు. వాటి నిండా చెక్కినట్టున్న చేతులు, వేళ్లు, తెరిచిన నోళ్లు. చెక్కినవి కావవి. ఇనుముతో వచ్చినవాళ్లవి. ఎర్రప్ప అక్కడే ఆగిపోయాడు, కాళ్లు సహకరించక. చెంగల్వ కొంగుకున్న ఇనుప సూది తీసి అతని చేతిలో పెట్టింది. కీర్తిసేనుడు కత్తిని ముందు రోజే ఇంట్లో వదిలేశాడు.

తోడు గడప దగ్గర ముక్కుపుటాలు పెద్దవి చేసింది. చెంగల్వ లాగలేదు. పగ్గాన్ని పక్కకు అడిగి, ఊరుకుంది. ఊపిరి బిగబట్టి, ఎదురు చూసింది. ఒక గిట్ట గడప దాటింది. ఆమె వెంటనే తాడు వదులు చేసింది. రెండోది దాటింది. పొగ రెండుగా చీలి దారి ఇచ్చింది.

వెనక ధడేలుమని చప్పుడైంది.

కీర్తిసేనుడు గడప మీద ఒక మోకాలి మీద కూలబడి ఉన్నాడు. నడుము దగ్గర కొడవలి నల్లరాయైపోయి, ఆ నలుపు అతని తొడలోకి పాకుతోంది.

"కొడవలి!" అన్నాడు తన మీద తనకే నమ్మకం లేనట్టు. "నెల రోజులుగా నడుముకుంది. ఒంట్లో భాగమైపోయింది చెంగల్వా. కత్తి మరవలేదు, దీన్ని మరిచాను."

"రాకుమారుడిగా వచ్చుంటే బతికిపోయేవాడివి గదరా గడ్డోడా!" అని బయట నుంచి ఎర్రప్ప ఏడ్చాడు.

చెంగల్వ వెనక్కి అడుగు వేయబోయింది.

"ఆగకు!" అన్నాడు రాకుమారుడు. "ప్రాణంతో నా శరీరం అడ్డున్నంతసేపు ఈ ద్వారం మూసుకోదు. ఈ నలుపు గుండెకు చేరేలోపు రా. పో!"

పొగలోకి పదడుగులు వేయగానే వెలుగు మారిపోయింది. మధ్యాహ్నమో సాయంత్రమో తెలియని బూడిదరంగు వెలుగు. అడుగులకు చప్పుడు లేదు. దారికి రెండు వైపులా బొమ్మలు నిలబడి ఉన్నాయి. తల మీద బుట్టతో ఒక ముసలమ్మ. బిడ్డకోసం చేతులు చాచిన తల్లి. పిడికిలి పైకెత్తిన సైనికులు. అందరి నోళ్లూ తెరిచే ఉన్నాయి, ఒక్క నోట్లోనూ గొంతు లేదు. గాలి తగిలినప్పుడల్లా ఎవరిదో ఒక వేలు కొసన బూడిద రాలుతోంది.

"చెంగా!"

కుడివైపు పొగలోంచి ఒక మనిషి పరుగున వచ్చాడు. వంగిన భుజాలు, చెవి మీద పాత గాటు, మాసిన తలపాగా. బొల్లప్ప.

"వచ్చినావా నా తల్లీ! నాకు తెలుసు, నువ్వు వస్తావని. జడ ఏమైందే?" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "రా, రా, వాడు లేచేలోపు పోదాం. పగ్గం నాకియ్యి."

ఏడాదిగా మధ్యాహ్నాల్లో విన్న గొంతు. చెంగల్వ కాళ్లు వాటంతటవే ముందుకు కదిలాయి. పగ్గం చేతులు మారింది.

ఆయన గబగబా వచ్చి తోడుకు ఎదురుగా నిలబడ్డాడు. తలతాడును గడ్డం కింద గుప్పిట పట్టి, దాని కళ్లలోకి చూస్తూ లాగాడు.

తోడు చెవులు రెండూ మెడకు అంటుకుపోయాయి.

నాయన ఎన్నడూ గుర్రానికి ఎదురు నిలబడడని చెంగల్వకు గుర్తొచ్చింది. అయినా మొహం మార్చలేదు. గుర్రాల దగ్గర నేర్చుకున్న పనే అది.

"నాయనా" అంది మెల్లగా. "దానికి నువ్వు కొత్త. ఒక్కసారి నాలుకతో పిలువు. వస్తాది."

"ఇప్పుడా? దేనికి తల్లీ, పొద్దుపోతాంది..."

"ఒక్కసారి."

అతను నోరు తెరిచాడు. ఆ నోట్లో నుంచి ముసలమ్మ గొంతు వచ్చింది, చంటిబిడ్డ ఏడుపు వచ్చింది, రాకుమారుడు ఇంద్రసేనుడి కేక వచ్చింది. దాచుకున్న గొంతులన్నీ ఒకటొకటిగా పొర్లి వచ్చాయి. నాలుక చప్పుడు మాత్రం రాలేదు. అది గొంతులోంచి పుట్టేది కాదు కదా. మాంత్రికుడు దోచుకోలేని చప్పుడు అదొక్కటే.

బొల్లప్ప మొహం అంచుల్లో బూడిదై రాలసాగింది. లోపల పొగ, పొగలో రెండు ఎర్రని కళ్లు. గుప్పిట మాత్రం తాడును వదల్లేదు.

అప్పుడు చెంగల్వ ఎడమ మణికట్టు మీది వెంట్రుకల దారం ఒక్కసారి బిగిసింది. చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని లాగినట్టు, ఎడమవైపుకు లాగింది. ఆ వైపు నుంచే, చాలా నీరసంగా, వినబడింది.

టక్.

తోడు ఎడమచెవి లేచింది.

చెంగల్వ దాని ఎడమ భుజానికి ఆనుకుని, జూలు గుప్పిట పట్టి, చెవిలో పేరు పలికింది. తోడు మాంత్రికుడికి ఎదురు లాగలేదు. నేర్చుకున్నట్టే పక్కకు, ఎడమకు, ఒక్క అడుగు వేసింది. ఎదురు లాగే బరువు లేకపోయేసరికి భస్మకంఠుడు తన బలానికి తానే వెనక్కి తూలిపడ్డాడు. తాడు అతని గుప్పిట్లోంచి జారిపోయింది. తోడూ, చెంగల్వా పరుగెత్తారు. వెనక వంద గొంతులు ఒక్కటై ఆమె పేరే అరిచాయి. దారి పొడవునా బొమ్మలు తలలు తిప్పసాగాయి. రాలిన చేతులు అడ్డం వచ్చాయి. పగ్గం ఎక్కడో నేల మీద ఈడ్చుకుపోతోంది, ఆమె దాన్ని అందుకోలేదు. ఇప్పుడు నడిపించేది తను కాదు.

బొమ్మల వరస చివర ఒకటి విడిగా ఉంది. భుజాలు వంగి, కుడిచెయ్యి పగ్గం పట్టుకున్నట్టు ముందుకు చాచి ఉంది. పాదాల నుంచి గడ్డం దాకా బూడిద. పెదవుల మీదికి బూడిద అప్పుడే పాకుతోంది. తెరిచిన ఆ నోట్లో నాలుక కొస మాత్రం ఇంకా ఎర్రగా, తడిగా ఉంది.

వెనక అడుగులు దగ్గరవుతున్నాయి. తోడు పరుగు ఆపింది. ఎవరూ అడగకుండానే బొమ్మ పక్కకు నడిచి, తన ఎడమ భుజాన్ని ఆ చాచిన చేతికి ఆనించి, తల వంచి, తాడు కోసం నిలబడింది.

బూడిద వేళ్లు కదిలాయి. బూడిద రాలిపోయి, కింద వెచ్చని వేళ్లు తాడును అందుకున్నాయి.